తాంగ్‌షాన్ నగర సందర్శనము

చీనాదేశమునకు బోవు మనవారు సాధారణముగా బీజింగునందలి రాజప్రాసాదమును, మహాకుడ్యమును, షాంఘై నగరపు ఆకాశహర్మ్యములను జూచి తిరిగివచ్చుచుందురు. తాంగ్‌షాన్‌ను జూడవలెనని బయలుదేరువారు అరుదు. అది బొగ్గు, ఉక్కు, సిమెంటు, పింగాణి తయారగు ఊరు, పొగగొట్టముల ఊరు. అట్టి యూరిలో ఆడువారు చూడదగినది ఏమున్నదని మా బంధువులనేకులు మమ్ము ప్రశ్నించిరి. మేమచట నాలుగు దినములుండి చూచివచ్చిన పిదప, ఆ ప్రశ్నకు సోదరీమణులందరి యెదుట సమాధానము చెప్పుట మంచిదని తోచి యీ వ్యాసము వ్రాయుచున్నాము.

తాంగ్‌షాన్ హెబే రాష్ట్రములో, బీజింగునకు తూర్పున సుమారు 150 కిలోమీటర్ల దూరమున నున్నది. ఉత్తరమున యెన్ పర్వతములు, దక్షిణమున బోహాయ్ సముద్రము. వేగముగా నడచు రైలులో బీజింగునుండి గంట, గంటన్నరలో చేరవచ్చును. చీనాభాషలో 'షాన్' అనగా కొండ. ఏడవ శతాబ్దమున తాంగ్ వంశపు చక్రవర్తి కొరియాపై దండెత్తి పోవుచు ఇచటి కొండపై విడిసెననియు, అందుచేత ఆ కొండకును, పిదప ఊరికిని ఈ పేరు వచ్చెననియు చెప్పుకొందురు. 2020 జనాభా లెక్కల ప్రకారము పట్టణమును, దానిక్రింది తాలూకాలును గలిపి 77 లక్షల జనులున్నారు. ఆ సంవత్సరము ఈ ఒక్క నగరపు పరిధిలో తయారైన ఉక్కు, మన భారతదేశమంతటను తయారైన ఉక్కుకంటె నెక్కువ. ఇంత ఉక్కు ఊరకే రాదు గదా! చాలకాలము చీనాలో పొగచే మిక్కిలి చెడిన గాలిగల పట్టణములలో దీనిని లెక్కించుచుండిరి. మా యత్తగారు రైలు దిగగానే పైటచెంగు ముక్కునకు అడ్డము పెట్టుకొన్నమాట నిజము. మరునాటికి అది మరచిపోయిన మాటయు నిజమే.

ఈ యూరిలోని చూడదగిన తావులలో మిక్కిలి పేరుగన్నవానికి ఒక సామాన్యలక్షణము గలదు. అవి మొదటినుండియు వేడుకకొరకు కట్టబడినవి కావు. ఒకటి బొగ్గుగని, ఒకటి మూతపడిన కర్మాగారము, ఒకటి కూలిన గోడలు, ఒకటి చెత్తగుట్ట. చెడిపోయినదానిని పారవైచి దాచుకొనక, దానినే చక్కబరచి పదిమందికి చూపుట ఈ యూరివారు నేర్చిన విద్య. ఇండ్లు దిద్దుకొను మనకు ఇది ఎంత కష్టమైన విద్యయో తెలియనిది కాదు.

మొదట బొగ్గుగనిని చూచితిమి. 1878లో లీ హుంగ్‌జాంగ్ అను మంత్రి ఆజ్ఞపై తాంగ్ తింగ్‌షూ అను వర్తకప్రముఖుడు ఇచట కైపింగ్ గనులను స్థాపించెను. పాశ్చాత్య యంత్రములతో చీనావారు త్రవ్విన మొదటి గనులలో నిది యొకటి. 1912లో మరియొక సంస్థతో కలిసి దీనికి కైలువాన్ అను పేరు వచ్చెను. నేడు ఆ పాతగని చుట్టును ఉద్యానమును, వస్తుప్రదర్శనశాలయు వెలసినవి. చూడవచ్చినవారిని భూమిలోపలి సొరంగములలోనికిని గొనిపోవుదురు. పైన ఎంత ఎండయున్నను లోపల చల్లదనమే. గోడలు నల్లగా మెరయుచుండును. పాత దీపములును, కట్టెదూలములును, త్రవ్వు పనిముట్లును యథాస్థానమున నుంచబడినవి. మన తెలుగుదేశమున సింగరేణి ప్రాంతపు గృహిణులకు ఈ దృశ్యము కొత్తగాదు. పనికి దిగిన పురుషుడు పైకి వచ్చువరకు ఇంటివారు పడు ఆరాటము ఏ దేశమునందైనను ఒక్కటియే.

ఈ గని బొగ్గును మోసికొనిపోవుటకు 1881లో సుమారు పది కిలోమీటర్ల రైలుమార్గము వేసిరి. దానినిగూర్చి యొక వింత గలదు. ఈ సీమకు ఉత్తరముగా మంచూ చక్రవర్తుల సమాధులున్నవి. ఆవిరియంత్రపు రొద సమాధులలోని పెద్దల నిద్రను చెరచుననియు, దాని నల్లనిపొగ పైరులను పాడుచేయుననియు రాజసభలోనివారు అభ్యంతరము చెప్పిరట. అందుచేత ఉక్కు పట్టాలమీద బొగ్గుబండ్లను కంచరగాడిదలచే లాగించిరి! అయినను గనిలోని ఇంజనీర్లు పనికిరాని పాత యినుపసామానులను ఏరి కూర్చి, చాటుగా నొక చిన్న ఆవిరియంత్రమును తయారుచేసిరి. 1881 జూను నెలలో ఒక ఇంజనీరుగారి భార్య దానికి 'చీనా రాకెట్' అని నామకరణము చేసినది. చీనాదేశమునందే తయారైన మొదటి రైలుయంత్రముగా దానిని చెప్పుదురు. పాతసామానుతో పుట్టిన యా యంత్రమే కంచరగాడిదలకు విశ్రాంతి కలిగించినది.

రైలుమార్గము ముగిసినచోటినుండి బొగ్గును పడవలపై పంపుటకు ఒక కాలువను త్రవ్విరి. ఆ కాలువ మొదలున్న చోటికి 'హొతౌ' అని పేరు. అనగా నదీముఖమని యర్థము. ఇటీవలి సంవత్సరములలో అచట పాతకాలపు రీతిలో నొక బజారు నిర్మించినారు. సాయంకాలము దీపములు పెట్టగానే ఊరిలోని సంసారులందరును పిల్లలను వెంటబెట్టుకొని యచటికి వత్తురు. మిఠాయిలు, బొమ్మలు, పడవ షికారు, పాటలు, అన్నియు కలవు. మన జాతరవంటి సందడి. విదేశీయులు తక్కువగుటచేత చీరలుకట్టిన మమ్ము జూచి పిల్లలు వెంటబడిరి. పెద్దలు నవ్వుచు మాతో ఫోటోలు తీయించుకొనిరి.

తరువాత సిమెంటు కర్మాగారము. 1889లో ఇచట స్థాపించినది చీనాదేశపు మొట్టమొదటి సిమెంటు కర్మాగారము. నేడచట సిమెంటు తయారుకాదు. ఎత్తైన పాత కొలుములును, గొట్టములును అట్లే నిలిపి, వానినడుమ ప్రదర్శనశాలను, దుకాణములను, కాఫీశాలలను ఏర్పరచినారు. చిమ్నీ నీడలో కూర్చుండి కాఫీ త్రాగుట మాకు మొదట విడ్డూరముగ దోచినది. ఈ కర్మాగారపు ఆవరణముననే 1914లో చీనాలో మొదటి పింగాణి పాయిఖానా తొట్టి తయారయ్యెనట! నవ్వవలసిన మాటగాదు, ఇంటి పరిశుభ్రతకు అంతకన్న నుపకరించిన వస్తువేది?

తాంగ్‌షాన్ పింగాణికి ఉత్తరచీనా యంతటను పేరు. అందులో మిక్కిలి పలుచగా, వెలుగునకు పట్టిన చేతినీడ కనబడునట్టి గిన్నెలు, పళ్లెరములు చేయుదురు. ఒక దుకాణములో మా యత్తగారు అట్టి గిన్నెను చేతబట్టి, "ఎంత తెల్లగా ఉందే అమ్మాయీ! దేవుడికి పాలు నివేదన పెట్టుకోవడానికి రెండు తీసుకుందామా?" అనిరి. ఇది మామూలు పింగాణి కాదనియు, ఇందులో దాదాపు సగమువరకు పశువుల ఎముకల బూడిద కలియుననియు, ఆ పద్ధతి మొదట ఇంగ్లండులో పుట్టినదనియు మా దుబాసీ అమ్మాయి వివరించెను. ఆమె గిన్నెను మెల్లగా క్రిందబెట్టి, "బాగానే ఉంది తల్లీ, మాకు మట్టిదే చూపించు" అనిరి. దుకాణముదారురాలు ఏమియు తప్పుపట్టక మామూలు పింగాణి గిన్నెలను చూపెను, అవే కొంటిమి. మన ఇండ్లలో పూజకు, మడికి ఇట్టివి కొనువారు ఈ భేదమును అడిగి తెలిసికొనుట మేలు.

ఇక ఈ యూరిపేరు లోకమంతటను వినబడిన సంగతిని చెప్పవలెను.

1976 జూలై 28వ తేదీ తెల్లవారుజామున 3 గంటల 42 నిమిషములకు, ఊరంతయు నిద్రించుచుండగా భూమి కంపించినది. చీనావారి లెక్క ప్రకారము దాని తీవ్రత 7.8. సుమారు 23 సెకనులలో పట్టణము నేలమట్టమైనది. ప్రభుత్వపు లెక్కలో మృతులు 2,42,000కు పైబడినవారు. మిక్కిలి గాయపడినవారు 1,64,000. ఆ సాయంకాలమే మరల నొక పెద్దకంపము వచ్చి, మిగిలిన గోడలనుగూడ కూల్చినది. టెలిఫోను తీగలు తెగిపోవుటచేత బయటి ప్రపంచమునకు వార్త చేరలేదు. కైలువాన్ గనిలోని కొందరు పనివారు గని ఆస్పత్రిబండి నెక్కి, పగిలిన దారులవెంట బీజింగు వరకు తోలుకొనిపోయి, ప్రభుత్వపెద్దలకు స్వయముగా వార్త తెలిపిరి.

ఆ రాత్రి భూమిలోపల గనులలో సుమారు పదివేలమంది పనిచేయుచుండిరి. వారిలో దాదాపు అందరును బ్రతికి పైకి వచ్చిరి. నిత్యము మృత్యుముఖమున పనిచేయుచున్నారని ఎవరినిగూర్చి ఇంటివారు భయపడుచుండిరో వారు బ్రతికిరి. నిశ్చింతగా ఇంట నిద్రించుచున్న భార్యాబిడ్డలు పోయిరి. ఇంతకన్న విపరీతమైన విధి యుండునా? అయిదుగురు గనిపనివారు పదునైదు దినముల తరువాత బయటపడిరి. ఆస్పత్రి శిథిలముల క్రింద చిక్కిన నలువదియేండ్లు దాటిన గృహిణి యొకతె, పదుమూడు దినముల తరువాత ప్రాణముతో దొరకినది.

ఊరినడుమ 1986లో, పదవ సంవత్సరపు స్మరణదినమునకు, ఒక స్మారకస్తంభమును నిలిపిరి. నాలుగు కంబములు విడివిడిగా లేచి ఆకాశమును చూచుచుండును. పగిలిన ఇంటిగోడలవలెను, పైకెత్తిన చేతులవలెను తోచును. ఎక్కుటకు ఒక్కొక్క వైపున ఏడేసి మెట్ల చొప్పున నాలుగు వరుసలు, మొత్తము 28 మెట్లు. జూలై 28వ తేదీకి గుర్తు. ఉదయమున ఆ మైదానమున వృద్ధులు వ్యాయామము చేయుదురు. స్త్రీలు వరుసగా నిలిచి పాటకు తగినట్లు అడుగులు వేయుచుందురు. పిల్లలు గాలిపటము లెగురవేయుదురు. దుఃఖచిహ్నము క్రింద ఇంత ఉల్లాసమేమని మాకు మొదట మనసొప్పలేదు. కొంతసేపు కూర్చున్న పిదప మా యభిప్రాయము మారినది. ఇంటనున్న పెద్దల పటము క్రిందనే గదా మనమును పిల్లలకు అన్నము పెట్టుదుము!

రెండవ స్మారకము ఊరికి దక్షిణమున నున్నది. రైలుబండ్లు తయారుచేయు పెద్ద కర్మాగారము ఆనాడు కూలిన స్థలమది. కూలిన స్తంభములు, వంగిన యినుపదూలములు, పైకప్పులేని గోడలు కూలినవి కూలినట్లే యున్నవి. వానిచుట్టును చెట్లు పెంచి, నీటికొలను త్రవ్వి, 2008లో ఉద్యానముగా తెరచిరి. కొలను ప్రక్కన నల్లరాతి గోడలు వరుసగా నిలిచియున్నవి. వాని యెత్తు 7.28 మీటర్లు, నీటికిని గోడకును నడుమ దూరము 19.76 మీటర్లు. చూడరాని దినపు తేదీని కొలతలలో నిట్లు దాచినారు. గోడలపై బంగారువన్నెతో పేర్లు, పేర్లు, పేర్లు. మొత్తము రెండులక్షల నలుబదివేలకు మించి యున్నవి.

ఈ పేర్ల వెనుక నొక కథ గలదు. ప్రభుత్వము ఈ గోడను కట్టకపూర్వము ఒక ప్రైవేటు సంస్థ స్మారకపు గోడ నొకదానిని కట్టి, పేరునకింత యని సొమ్ము పుచ్చుకొని పేర్లు చెక్కించెను. సొమ్మున్నవారి బిడ్డల పేర్లు చెక్కబడెను; లేనివారి బిడ్డల పేర్లు లేవు. మృతులనడుమ కలిమిలేములేమని జనులు మిక్కిలి నొచ్చుకొనిరి. పత్రికలలోను పెద్దగొడవ జరిగెను. తుదకు ప్రభుత్వమే ఈ గోడను కట్టించి, కాసు పుచ్చుకొనక అందరి పేర్లను చెక్కించెను. ఆనాడు మృతదేహములను వేలకొలదిగా ఒక్కచోట పూడ్చిరి గనుక, తమవారు ఎచట పూడ్చబడిరో అనేక కుటుంబములకు తెలియదు. సమాధి లేనివారికి ఈ గోడపై నున్న పేరే సమాధి. మేము చూచుచుండగా ఒక వృద్ధురాలు మనుమరాలి చేతిని పట్టుకొని, అందునంత యెత్తున నున్న యొక పేరును వ్రేలితో తడవి చూపుచుండెను. వారి మాటలు మాకు తెలియలేదు. తెలియవలసిన అవసరమును లేకపోయెను.

ప్రతిసంవత్సరము జూలై 28వ తేదీ సాయంకాలము ఈ యూరివారు నాలుగువీథుల కూడలులలో కాగితపు నాణెములు కాల్చి పితరులకు సమర్పింతురట. ఒక్కరాత్రి ఒక్కసమయమున ఊరంతటికి ఒకేతద్దినము! మనము తిథివారములు చూచి ఇంటింట వేర్వేరుగా పెట్టుకొను దానిని వారు వీథిలో కలిసి పెట్టుకొనుచున్నారు.

బ్రతికినవారి మాట గూడ చెప్పవలెను. తల్లిదండ్రు లిద్దరిని పోగొట్టుకొన్న పిల్లలు నాలుగువేలకు మించిరి. వెన్నెముక విరిగి నడువలేనివారు సుమారు 3,800 మంది. వారికై ప్రత్యేకమైన వైద్యాలయములు వెలసెను. భర్తను గోల్పోయిన స్త్రీలును, భార్యను గోల్పోయిన పురుషులును వేలకొలదిగ మరల వివాహమాడి, ఇరువైపుల మిగిలిన బిడ్డలను గలిపి పెంచుకొనిరి. అట్టి సంసారముల నడపినవారి ఓర్పునకు ఏ శిలాశాసనమును లేదు. కుప్పకూలిన ఇంటి దూలముక్రింద కవలపిల్ల లిద్దరు చిక్కుకొనగా, ఒక్కరినే రక్షింపగలమని, ఎవరినో చెప్పుమని అడిగినప్పుడు తల్లిపడు వేదనను 2010లో ఫెంగ్ షియావోగాంగ్ అను దర్శకుడు చలనచిత్రముగా తీసెను. ఆ చిత్రము కల్పితకథయే. కాని ఈ యూరిలో తిరిగిన పిదప అది కల్పన యని యనుకొనుటకు మనసొప్పదు.

పట్టణము పదేండ్లలో మరల నిలిచినది. ఈ పునర్నిర్మాణమునకు 1990లో ఐక్యరాజ్యసమితివారి నివాసశాఖ పురస్కారము నొసగినది. ఆ మెచ్చుకోలుకన్న మాకు మిక్కుటముగ నచ్చినది నాన్‌హూ, అనగా దక్షిణ సరస్సు. నూరేండ్లకు మించి క్రింద బొగ్గు తీయుటచేత ఇచట నేల క్రుంగి గుంటలు పడెను. ఇండ్లు కట్టుటకు పనికిరాని ఆ నేలలో ఊరివారు చెత్తయు, బూడిదయు పోయుచుండిరి. ఆ కుప్ప కొండయంత పెరిగెనట. ఆ చెత్తగుట్టనే మట్టితో కప్పి, చెట్లు నాటి, పైన మంటపము కట్టి 'ఫీనిక్స్ గద్దె' యని పేరుపెట్టిరి. అగ్నిలో కాలి బూడిదనుండి మరల పుట్టు పక్షి పేరది; తాంగ్‌షాన్‌కు ముద్దుపేరును ఫీనిక్స్ నగరమే. క్రుంగిన గుంటలలో నీరు నింపి సరస్సులు చేసిరి. 2009లో దీనిని జనులకు తెరచిరి. భూకంపమునకు నలువదేండ్లు నిండిన 2016లో అంతర్జాతీయ ఉద్యానప్రదర్శన మిచటనే జరిగినది. మేము సాయంకాలమున గుట్ట యెక్కి చూచితిమి. ఒకవైపు తామరలు, రెల్లుపొదలు, నీటిపక్షులు, దూరముగ పొగగొట్టములు. మా కాళ్లక్రింద ఏమున్నదో ఎరిగియు, గాలి కమ్మగానే యుండెను.

ఈ సీమ కళలకును పుట్టినిల్లు. లువాన్‌జౌ తోలుబొమ్మలాట చీనాయంతట ప్రసిద్ధము. గాడిదతోలును పలుచగా గీకి, నాజూకుగా చెక్కి, రంగులు పూసి, తెల్లని తెరవెనుక ఆడింతురు. మన నిమ్మలకుంట బొమ్మలు నిలువెత్తువి. వీరివి జానెడు, మూరెడు. మనవలెనే వీరును తెరవెనుక పాడుచు, వాయించుచు, బొమ్మల నాడింతురు. పాడువాడు గొంతును వ్రేళ్లతో నొక్కిపట్టి సన్నని స్వరము తెప్పించుట వీరి ప్రత్యేకత. 2011లో చీనా తోలుబొమ్మలాటను యునెస్కోవారు మానవజాతి వారసత్వముగ గుర్తించిరి.

పింగ్‌జూ అను సంగీతనాటకమును ఈ ప్రాంతముననే పుట్టినది. దానికి రూపమిచ్చినవారిలో చెంగ్ జావోత్సాయ్ (1874–1929) ముఖ్యుడు. ఆయన నాటకములలో 'యాంగ్ మూడవ చెల్లెలి అభియోగము' అనుదానిని మన సోదరీమణులు తప్పక తెలిసికొనవలెను. ఇది జరిగిన కథ. 1918లో ఇచటి యొక గ్రామమున ధనవంతులింటి కోడలొకతె మరణించెను. రోగముచే పోయినదని యత్తింటివారు చెప్పిరి. చావు చూడవచ్చిన చెల్లెలు అనుమానించి, యౌవనమైన రాని వయసున ఒంటరిగా న్యాయస్థానము నాశ్రయించెను. దిగువ న్యాయస్థానము ధనికుల పక్షము వహించెను. ఆమె వెనుదీయక తియెన్‌జిన్ నగరపు పైన్యాయస్థానమువరకు పోయెను. శవమును వెలికిదీయించి పరీక్షింపగా హత్యయని తేలెను. భర్తకు మరణదండన పడెను. మరుసటియేడే, 1919లో, ఈ కథ రంగస్థలమెక్కి, నేటికిని ప్రదర్శింపబడుచున్నది.

ఈ కథను చెప్పిన మా దుబాసీ అమ్మాయి కొంత తడవు మౌనముగ నుండి మరియొక సంగతి చెప్పెను. 2022 జూనులో ఈ యూరి ఫలహారశాలయందు, తనను తాకవచ్చిన పురుషుని త్రోసివైచిన స్త్రీని, ఆమె తోటి స్త్రీలను, అతడును అతని మిత్రులును క్రూరముగ కొట్టిరి. ఆ దృశ్యమును చీనా యంతయు చూచి మండిపడెను. సెప్టెంబరులో న్యాయస్థానము ముఖ్యదోషికి ఇరువదినాలుగేండ్ల కారాగారశిక్ష విధించెను. "మా యూరిని మెచ్చుకొని వ్రాసెదరు గనుక ఇదియు వ్రాయుడు" అని యామె యన్నది. అందుచే వ్రాసితిమి. మూడవ చెల్లెలి పని ఇంకను ముగియలేదు.

భోజనము మాట. శాకాహారులకు చీనాలో ఇబ్బంది యని అందరు నెరుగుదురు. ఇచట మాకు పెన్నిధివలె దొరకినది 'గెజా'. పెసరపిండిని పలుచగా జారుచేసి పెనముపై అట్టుగా పోసి, చల్లారిన పిదప ముక్కలుగా కోసి వేయింతురు, లేదా పులుసుతో వండుదురు. అల్లము, జీలకర్ర లేని పెసరట్టు అనుకొనుడు! మా యత్తగారు రెండవనాడే వంటశాలలోనికి తొంగిచూచి, పెనము వైపు చూపుచు ఇంకను పలుచగా పోయుమని చేతిసైగతో నేర్పబోయిరి. త్సీషీ మహారాణికి ఈ వంటకము వడ్డింపగా, తీసికొనిపోవనీయక 'అక్కడే యుంచుము' అన్నదనియు, ఆ మాటయే దీనికి పేరైనదనియు కథ. 'మాతాంగ్' అను మిఠాయి మన మడతకాజాకు చెల్లెలు: పలుచని పిండిరేకును మడచి వేయించి తేనెపాకమున ముంతురు. చలికాలము ముందర వచ్చు తియ్యని చెస్ట్‌నట్టు గింజలు వేడిగా కాల్చి వీథివీథి నమ్ముదురు.

చివరిదినమున పట్టణమునకు ఉత్తరముగా త్సున్‌హువాలో నున్న తూర్పు సమాధులకు పోయితిమి. ఆవిరియంత్రపు రొదకు నిద్ర చెడునని భయపడినది వీరికొరకే! అయిదుగురు చక్రవర్తులును, పదునైదుగురు మహారాణులును, వందకు మించిన ఉపరాణులును కొండల యొడిలో నిచట సమాధి చేయబడిరి. 2000లో యునెస్కోవారు దీనిని ప్రపంచవారసత్వమున చేర్చిరి. చియెన్‌లుంగ్ చక్రవర్తి సమాధియొక్క భూగర్భమందిరములోనికి దిగవచ్చును. రాతిగోడలపై బౌద్ధమంత్రములు తిబెటు భాషలోను, సంస్కృతమునందును చెక్కబడియున్నవి. ఇంత దూరమున, ఇంత లోతున, మన దేవభాషను చూచినప్పుడు మా యత్తగారు కన్నులు మూసి చేతులు జోడించిరి.

త్సీషీ మహారాణి సమాధి యన్నిటికన్న వైభవమైనది. దాదాపు అర్ధశతాబ్దము రాజ్యమేలిన ఆమె, తన సమాధిని కట్టించి, అది చాలదని పడగొట్టించి మరల కట్టించెను. రాజచిహ్నమగు డ్రాగన్ పైనను, రాణిచిహ్నమగు ఫీనిక్స్ క్రిందను చెక్కుట ఆచారము. ఆమె సమాధిముందరి రాతిపలకపై ఫీనిక్స్ పైనను, డ్రాగన్ క్రిందను ఉన్నవి! ఆమె 1908లో మరణింపగా, లెక్కకుమించిన ముత్యములతో, రత్నములతో ఇచట నుంచిరి. ఇరువదియేండ్లు నిండకమునుపే, 1928 జూలైలో, సున్ దియెన్‌యింగ్ అను సేనానాయకుని సైనికులు మందుగుండుతో సమాధిని పగులగొట్టి, శవమును బయటకులాగి, సర్వమును దోచుకొనిరి.

మేము తిరిగివచ్చుచు దారిలో ఈ రెండు తావులను తలపోసికొంటిమి. ఒక్క స్త్రీపేరు నిలుచుటకై దేశపు ధనమంతయు పోసి కట్టిన కట్టడము అర్ధశతాబ్దమైన చెక్కుచెదరక నిలువలేదు. గనికూలీల, వారి యిల్లాండ్ర, పసిపిల్లల పేర్లు సొమ్ము తీసికొనక చెక్కిన నల్లగోడముందర ప్రతిదినము ఎవరో యొకరు పూలు పెట్టిపోవుచున్నారు. తాంగ్‌షాన్ చూచుటవలన మాకు కలిగిన లాభమిదియే.

చీనాయాత్రకు బోవు సోదరీమణులు బీజింగునుండి రెండు దినములైనను దీనికి కేటాయింపవలెనని మా మనవి. ఏప్రిలు, మే నెలలును, సెప్టెంబరు, అక్టోబరు నెలలును అనుకూలము. జనవరిలో చలి ఎముకలు కొరుకును. చక్కెరలేని టీ అలవాటు లేనివారు బెల్లము వెంట దీసికొనిపోవుడు. పట్టుబట్టలు కొనుటకు ఇది ఊరు గాదు. పిల్లలను మాత్రము తప్పక వెంట దీసికొనిపోవుడు. చెత్తగుట్ట యెక్కించి, అది మునుపేమిటో పైకెక్కిన తరువాత చెప్పుడు.